చేపల పులుసుకి చింతపండా, మామిడికాయా?

మా గోదావరి జిల్లాల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు చేపల పులుసంటే చింతపండు పులుసే. ఎండలు ముదిరేసరికి మాత్రం కోనసీమ వంటిళ్ళలో చింతపండు పక్కకి జరిగి, మామిడికాయ వచ్చి కూర్చుంటుంది. ఏది మేలని అడిగితే చేప పేరు చెప్పండి అంటాను. కొవ్వున్న చేపకి చింతపండు, కొవ్వు లేని చేపకి మామిడికాయ.

పులస సంగతే చూడండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా, వరద ఎర్రనీటికి ఎదురీదుతూ, గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి గోదావరిలోకి ఎక్కి వస్తుంది. దాని ఒళ్ళంతా కొవ్వే. అది వెగటు కొట్టకుండా ఉండాలంటే చిక్కటి పులుపు పడాలి. నల్లగా మాగిన పాత చింతపండైతే మరీ మంచిది. వెడల్పాటి మట్టిదాకలో, సన్నటి సెగ మీద, గరిటె పెట్టకుండా దాకనే గుడ్డతో పట్టుకుని తిప్పుతూ గంటలకొద్దీ మరిగించాలి. చీల్చిన పచ్చిమిరపకాయలు, నిలువునా వేసిన బెండకాయలు, దించేముందు కాస్త ఆవకాయ నూనె. ఇంతసేపు మరిగితే మామిడిముక్క కరిగి గుజ్జయిపోతుంది, దాని వాసనా పోతుంది. చింతపండుకి ఆ భయం లేదు, మరిగేకొద్దీ పచ్చివాసన పోయి చేపకి పడుతుంది. పులస పులుసు మర్నాడే తినాలనడం ఊరికే కాదు, రాత్రంతా ముక్క పులుసు పీల్చుకుంటుంది. పులసకి మామిడికాయ వేస్తామనే వాళ్ళతో నేను ఒప్పుకోలేను.

ఇక మామిడికాయ. వేసవిలో ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేస్తారు. నీళ్ళు తీసేసిన కాలువల్లో మిగిలిన మడుగుల్లో కొర్రమీనులు, జెల్లలు, మట్టగిడసలు చేతికి దొరుకుతాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మరపడవలకి సముద్రంలో వేట నిషేధం. బజారుకి సముద్రపు చేప రావడం తగ్గిపోతుంది. పెరట్లో చూస్తే చెట్టునిండా పుల్లటి కాయలు. ఈ వంటని కాలమే కుదిర్చిపెట్టింది.

కొర్రమీను కండ గట్టిది, కొవ్వు తక్కువ. దాని రుచి నెమ్మదైనది. చిక్కటి చింతపండులో పడితే పులుపు తప్ప చేప తెలియదు. మామిడికాయ పులుపు తేలిగ్గా ఉంటుంది, చేపని కనపడనిస్తుంది. ముక్కలు తొక్కతోనే కోసి, చేప సగం ఉడికాక వెయ్యాలి. ముక్క మెత్తబడాలి, విడిపోకూడదు. కాయ మాత్రం నాటు కాయ కావాలి. కలెక్టరు కాయకి పులుపు చాలదు.

ఎండుచేపల దగ్గర నాకు అనుమానమే లేదు. ఎండు మెత్తళ్ళు, మామిడికాయ, నాలుగు వంకాయ ముక్కలు. ఇందులో చింతపండుకి పనే లేదు.

బొమ్మిడాయిల దగ్గరే అసలు పేచీ. ఎక్కువ ఇళ్ళలో చింతపండే వేస్తారు, బాగానే ఉంటుంది కూడా. కానీ ఆ మెత్తటి కండ నోట్లో కరిగేటప్పుడు మామిడి వాసన తగిలితే దాని అందమే వేరు. కాయ దొరికే రోజుల్లో నా ఓటు మామిడికే.

భీమవరం, ఆకివీడు చెరువుల బొచ్చె, శీలావతికి చింతపండే వాడండి. చెరువు చేపకుండే మట్టివాసనని ఉప్పు, పసుపు రుద్ది కడగడం కొంత తీస్తే, మిగిలింది ఆ పులుపు అణుస్తుంది.

నిలవలో చింతపండుదే పైచెయ్యి. మామిడికాయ పులుసు ఆ పూటకి ఆ పూటే బాగుంటుంది, మర్నాటికి ముక్కలు చితికిపోతాయి. అందుకని చుట్టాలొచ్చి రెండుపూటలకి వండాల్సొస్తే చింతపండే నయం.

రెండూ కలిపి పోసే ఇళ్ళూ ఉన్నాయి. కాయ పులుపు చాలకపోతే ఇంకో కాయ కోసి వెయ్యండి గాని, చింతపండు రసం మాత్రం పొయ్యకండి. అది పడగానే మామిడి వాసన అణగారిపోతుంది.