కశ్మీర్ విల్లో బ్యాట్: సొట్టలు పడ్డా నచ్చింది, టో (కింది కొస) దగ్గరే పేచీ

లెదర్ బంతి తగిలి బ్యాట్ మీద సొట్ట పడితే చాలామంది బాధపడతారు. నాకు ఈ విల్లో చెట్టు కర్రలో అన్నిటికన్నా నచ్చింది ఆ సొట్టే. గట్టి కర్ర అయితే ఆ దెబ్బకు మోచేతి దాకా జివ్వుమంటుంది. విల్లో కొంచెం లొంగి దెబ్బను తనలోనే ఉంచుకుంటుంది, పీచు మాత్రం విడదు. విజయనగరంలో మ్యాటింగ్ (పిచ్ మీద పరిచే చాప) మీద లీగ్ మ్యాచ్‌లు ఆడేవాణ్ణి. పాత బంతికీ కొత్త బంతికీ చేతులు నొప్పెట్టకుండా ఇన్నేళ్లు ఆడానంటే ఆ గుణం వల్లే. 1979లో ఆస్ట్రేలియా బౌలర్ డెనిస్ లిల్లీ అల్యూమినియం బ్యాట్‌తో దిగిన గొడవ తర్వాత బ్లేడ్, అంటే బంతిని కొట్టే వెడల్పు భాగం, చెక్కతోనే ఉండాలని నిబంధన పెట్టారు. ఈ బ్యాట్ పట్టుకున్నాక అది మంచి నిర్ణయమనే అనిపిస్తుంది.

కొనేటప్పుడు షాపులో 'రెడీ టు ప్లే' అన్నారు. ఆ మాట నమ్మకండి. ఫ్యాక్టరీలో రోలర్ కింద నొక్కినా, ఇంటికి తెచ్చాక చెక్క సుత్తితో రోజూ కాసేపు కొట్టాల్సిందే. పీచు దగ్గరపడేకొద్దీ మొద్దు చప్పుడు పోయి 'టక్'మని పలుకుతుంది. అప్పుడే బంతి బ్యాట్ మీంచి లేస్తుంది.

ఇక అసలు సంగతి. కార్తీక మాసం, పొద్దున్నే మ్యాచ్. రాత్రి మంచుకి మ్యాట్ తడిసి ఉంది. స్టాన్స్‌లో నిలబడి ప్రతి బంతికీ టో నేలకి తాటిస్తాం కదా. బ్యాట్ ముఖానికి పైన ప్లాస్టిక్ పొర ఉంది, టోకి ఏమీ లేదు. అక్కడ కర్రని పీచుకి అడ్డంగా కోస్తారు కాబట్టి నీరు సూటిగా లోపలికి ఎక్కుతుంది. మధ్యాహ్నానికి టో ఉబ్బింది. తర్వాతి మ్యాచ్‌లో కాళ్ల దగ్గర పడే యార్కర్ బంతి ఒకటి సరిగ్గా అక్కడే తగిలి, కింది నుంచి రెండు వేళ్ల పొడవున చీలింది. షాపుకి తీసుకెళ్తే గ్యారంటీ టోకి వర్తించదన్నారు. అంత ఖరీదు తీసుకునేవాళ్లు రబ్బరు టో గార్డు అతికించి ఇవ్వలేరా? ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

బ్యాట్‌ని నిలబెట్టింది మా వీధి వడ్రంగి మేస్త్రి. బొబ్బిలి వైపు మనిషి, పనస, టేకు కర్రల పని బాగా తెలిసినవాడు. విల్లో మీద గోరు నొక్కి చూసి, "ఇంత మెత్తటి కర్రతో అంత గట్టి బంతిని కొడతారేటి బాబూ!" అని ఆశ్చర్యపోయాడు. తడి కర్రకి జిగురు పట్టదని చెప్పి ముందు నీడన ఆరబెట్టించాడు. ఎండలో పెట్టబోతే కేకలేశాడు, త్వరగా ఆరితే ఇంకా చీలుతుందట. తర్వాత చీలికలోకి జిగురు దించి, క్లాంపు బిగించి, పైన దారం దగ్గరగా చుట్టాడు. నేను టో గార్డు వేయించాను. ఇప్పటికీ నిలిచింది. కాకపోతే కింది భాగంలో తగిలిన బంతి మునుపట్లా పోవడం లేదు, కొంచెం బరువూ పెరిగింది.

కాబట్టి పీచుకి అడ్డంగా, ముఖం మీద పడే దెబ్బనే విల్లో బాగా ఓర్చుకుంటుంది. అంచులకీ టోకీ అంత ఓర్పు లేదు. మన తీరప్రాంతపు తేమకి మరీ జాగ్రత్త కావాలి. ఉడికించని అవిసె నూనె పలచగా, ప్లాస్టిక్ పొర లేని చోట రాస్తాను. హ్యాండిల్ దిగే చోట అస్సలు రాయను. ఎక్కువ రాస్తే బరువెక్కుతుంది.

స్నేహితుడి ఇంగ్లిష్ విల్లోతో నెట్స్‌లో ఆడి చూశాను. తెల్లగా, తేలికగా ఉంది, బంతి ఇంకా బాగా పోతుంది. మనది గోధుమ రంగు, దట్టం. కానీ దాని ధర నా జీతానికి అందదు. సెలవు రోజుల్లో ఆడుకునే నాలాంటివాళ్లకి అనంతనాగ్ వైపు నుంచి వచ్చే ఈ బ్యాటే సరిపోతుంది. టెన్నిస్ బంతి ఆట మాత్రమే ఉన్నవాళ్లకి ఇంత సేవ చేయాల్సిన బ్యాట్ అక్కర్లేదు. లెదర్ బంతికి కొనేవాళ్లు మాత్రం డబ్బు చేతికిచ్చే ముందు బ్యాట్‌ని తలకిందులు చేసి టో చూడండి, గార్డు లేకపోతే అక్కడే వేయించుకోండి.