రాజన్‌కు రెండో విడతా, కొత్త గవర్నరా?

2016 వేసవిలో రిజర్వ్ బ్యాంక్ విషయంలో కేంద్రం ముందు రెండు దారులున్నాయి: గవర్నర్ రఘురామ్ రాజన్‌ను కొనసాగించడం, లేదా కొత్తవారిని తేవడం.

నా ఓటు కొనసాగింపుకే. 2013 సెప్టెంబరులో ఆయన వచ్చేనాటికి ధరల పెరుగుదల 10 శాతం దగ్గరుంది. అంతకు వారం ముందే డాలరు 68 రూపాయలు దాటింది. 2016 మధ్యకు ధరల పెరుగుదల 6 లోపుకి దిగింది. నాకు అంతకన్నా ముఖ్యం మొండి బాకీల సంగతి. తీర్చలేని కంపెనీకి మళ్లీ అప్పిచ్చి, ఆ డబ్బుతోనే పాత వడ్డీ కట్టించి, ఖాతా బాగుందని చూపించే అలవాటును 2015లో మొదలైన ఆస్తుల నాణ్యత సమీక్ష, అంటే బ్యాంకులిచ్చిన అప్పుల మీద రిజర్వ్ బ్యాంక్ చేసిన తనిఖీ, బయటపెట్టింది. 2016 వేసవికి ఆ పని ఇంకా సగంలోనే ఉంది.

మార్చాలన్నవారి మాటా కొట్టిపారేయలేం. రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, ఏడాదిపాటు 8 శాతం దగ్గరే ఉంది. 20 లక్షల ఇంటి లోన్ మీద ఒక్క శాతం ఎక్కువంటే ఏడాదికి దాదాపు 20 వేలు. ఈఎంఐ కట్టేవాళ్ల టెన్షన్ నిజమే. కానీ ధరలు మండిపోతే డిపాజిట్ వడ్డీతో బతికే పెన్షనర్ ఎవరికి చెప్పుకోవాలి?

పొడిగింపు కొత్తేం కాదు. రాజన్‌కు ముందు గవర్నర్‌గా ఉన్న మన దువ్వూరి సుబ్బారావుకు మూడేళ్ల తర్వాత ఇంకో రెండేళ్లు ఇచ్చారు. రాజన్‌కూ ఆ రెండేళ్లు దక్కాల్సింది. జూన్ 18న ఆయనే పాఠాలు చెప్పడానికి వెళ్లిపోతానని ప్రకటించారు. డిప్యూటీ గవర్నర్ ఉర్జిత్ పటేల్ ఆ కుర్చీలోకి వచ్చారు.