ఆటలో అరటిపండుకి 3,400 డాలర్లు: ట్రావెల్ బేస్‌బాల్ ట్రైఔట్లకి వెళ్ళేవాళ్ళు ఒక్కసారి చదవండి

అన్నలూ అక్కలూ, నిన్న సాయంత్రం గ్రౌండ్ నుంచి వచ్చాక రాత్రంతా నిద్ర పట్టలేదు, కాబట్టి ఇది కొంచెం అడ్డదిడ్డంగా ఉంటుంది, సర్దుకుని చదువుకోండి. ట్రావెల్ బేస్‌బాల్ అంటే ఫీజు కట్టి క్లబ్ టీములో చేరి టోర్నమెంట్లు తిరగడం, ట్రైఔట్ అంటే ఆ టీములకి పిల్లల్ని ఏరే పరీక్ష. క్లబ్ పేరు రాయను. డాలస్‌కి ఉత్తరాన పిల్లల్ని ఆడించే మనవాళ్ళకి ఈ బాపతు తెలిసే ఉంటుంది. ఒకే వయసులో మూడు టీములు పెట్టి, మూడింటికీ చొక్కా మీద ‘ఎలైట్’ అని కుట్టించే రకం.

వెనక కథ టూకీగా చెప్తాను. మావాడు మూడేళ్ళు లిటిల్ లీగ్ (ఊళ్ళో పిల్లలందరూ చేరే మామూలు లీగ్) ఆడాడు, బాగానే ఆడేవాడు, పోయిన ఆగస్టులో నాకు పురుగు తొలిచి ట్రైఔట్‌కి తీసుకెళ్ళాను. అరవై మంది దాకా పిల్లలు, వీపు మీద నంబర్ స్టిక్కర్, తలా అయిదు గ్రౌండర్లు (నేల మీద దొర్లే బంతులు), మూడు ఫ్లై బాల్స్ (గాల్లోకి లేచేవి), టీ అనే స్టాండ్ మీద బంతి పెట్టి ఆరు స్వింగులు, వేగం కొలిచే రాడార్ గన్ ముందు నాలుగు త్రోలు, అంతే. నలభై నిమిషాల్లో అరవై మంది జాతకాలు రాసేశారు. రాత్రి తొమ్మిదిన్నరకి మెయిల్ వచ్చింది, సెలెక్ట్ అయ్యాడు, 24 గంటల్లో 500 డిపాజిట్ కట్టకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని. మర్నాడు ఫోన్ చేస్తే కోచ్ గారు అన్న మాట నాకు ఇంకా అలాగే గుర్తుంది: “మీవాడిది ట్రిపుల్ ఏ గ్లవ్ సర్. వయసుకి మించి ఆడతాడు, టెన్‌యూలో పెట్టి వేస్ట్ చేయకండి, లెవెన్‌యూలో ప్లే అప్ చేయిద్దాం.” టెన్‌యూ అంటే పదేళ్ళ లోపు వాళ్ళ టీము, లెవెన్‌యూ అంటే పదకొండు, ప్లే అప్ అంటే పై వయసు వాళ్ళతో ఆడటం. ట్రిపుల్ ఏ అంటే పైనుంచి రెండో క్లాసు, గ్లవ్ అంటే ఫీల్డింగ్ అన్నమాట.

కొడుకుని పొగిడితే పొంగిపోని తండ్రి ఎవడు? మీటింగులో ఉండి కూడా కార్డు నంబర్ ఎక్కించేశాను. మా ఆవిడ “ఒక రాత్రి ఆగండి, నాలుగు చోట్ల కనుక్కుందాం” అంటూనే ఉంది.

ఆ ‘ప్లే అప్’ సంగతి నాకు తర్వాత అర్థమైంది. మావాడు జూన్‌లో పుట్టాడు. లిటిల్ లీగ్ వాళ్ళు ఆగస్టు 31 నాటికి ఎన్నేళ్ళో చూస్తారు, ట్రావెల్‌లో మామూలుగా ఏప్రిల్ 30 నాటికి ఎన్నేళ్ళో చూస్తారు. ఆ లెక్కన వాడు శుభ్రంగా టెన్‌యూ. వాళ్ళ టెన్‌యూ నిండిపోయింది, లెవెన్‌యూ మూడో టీములో ఒక ఫీజు తక్కువైంది. ఆ ఖాళీకి ‘ప్లే అప్’ అని ముద్దుపేరు పెట్టి నాకు అంటగట్టారు. బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులకి అలవాటు పడ్డవాడు ఒక్కసారిగా 70 అడుగుల గ్రౌండ్ మీద పడ్డాడు. థర్డ్ బేస్ నుంచి విసిరితే బంతి రెండుసార్లు నేలకి తగిలి గానీ ఫస్ట్ బేస్‌కి చేరేది కాదు. లిటిల్ లీగ్‌లో బంతి బ్యాటర్ దాకా చేరేవరకు రన్నర్ బేస్ వదలకూడదు, ఇక్కడ ముందే బేస్ వదిలి కొన్ని అడుగులు లీడ్ తీసుకోవాలి. అది నేర్పే ఓపిక ఎవరికీ లేక మొదటి నెలంతా వాడు పికాఫ్ (బేస్ వదిలి ఉండగా ఔట్) అవుతూనే ఉన్నాడు. వారానికో ప్రైవేట్ లెసన్ పెట్టించుకోమన్నారు, అరగంటకి 60 డాలర్లు, నేర్పేది మళ్ళీ ఆ కోచ్ గారే.

ఇక ట్రిపుల్ ఏ. సెప్టెంబర్‌లో మొదటి టోర్నమెంట్ షెడ్యూల్ వస్తే మా టీము ఉన్నది డబుల్ ఏలో. అడిగితే “టీమ్ కుదురుకోవాలి కదా సర్” అన్నారు. స్ప్రింగ్ వచ్చినా అదే డబుల్ ఏ. అప్పటిదాకా నేననుకున్నది ఏంటంటే, స్కూల్లో సెక్షన్ ఇచ్చినట్టు, పిల్లాడి ఆట చూసి ఎవరో పెద్దమనిషి వీడు ట్రిపుల్ ఏ, వీడు డబుల్ ఏ అని నిర్ణయిస్తాడని. అలాంటిదేం లేదండీ. మేజర్, ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, కొన్నిచోట్ల సింగిల్ ఏ, ఇవన్నీ టీములకి. మీ పిల్లాడికి విడిగా ఏ క్లాసూ ఉండదు. ఏ క్లాసులో దిగాలో మొదట టీము వాళ్ళే చెప్పుకుంటారు, గెలుస్తూ పోతే పాయింట్లు పెరిగి పైకి నెడతారు. అందుకే కొందరు కావాలనే కింది క్లాసులో కూర్చుంటారు, దాన్నే సాండ్‌బ్యాగింగ్ అంటారు. పదో తరగతి వాణ్ణి ఎనిమిదిలో కూర్చోబెట్టి ఫస్ట్ ర్యాంక్ తెప్పించడం లాంటిది. లిటిల్ లీగ్ లాంటి రెక్ లీగుల్లో నయం, చాలా చోట్ల ముందు పిల్లలందర్నీ ఆడించి చూసి, మేనేజర్లు వంతులవారీగా డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటారు, గట్టివాళ్ళంతా ఒకే టీములో పోగుపడరు. ట్రావెల్‌లో పోగెయ్యడమే పని, మిగిలినవాళ్ళతో ఇంకో టీము, వాళ్ళలో మిగిలినవాళ్ళతో మూడోది. ఆ మూడో దాంట్లో మేము. చొక్కా మీద మాత్రం ఎలైట్.

సరే, అదంతా భరించాను. నిన్నటిది భరించలేకపోతున్నాను.

సీజన్‌లో ఆఖరి టోర్నమెంట్. శనివారం పూల్ ఆటలు (నాకౌట్‌కి ముందువి) రెండు, ఒకటి గెలిచాం, ఒకటి ఓడాం. మావాడు ఒక సింగిల్ కొట్టాడు, రైట్ ఫీల్డ్‌లో ఒక క్యాచ్ పట్టాడు, రాత్రి ఆ క్యాచ్ గురించి నెల్లూరులో ఉన్న తాతయ్యకి వీడియో కాల్‌లో దిండు పట్టుకుని యాక్షన్ చేసి మరీ చూపించాడు. ఆదివారం ఎనిమిదింటికి బ్రాకెట్, అంటే నాకౌట్, ఒక్కటి ఓడితే ఇంటికే. మేము ఆరున్నరకే అక్కడున్నాం. డగౌట్‌లో ముగ్గురు కొత్త పిల్లలు, ఒకడికి అప్పుడే మీసకట్టు నీడ. క్లబ్ పైటీము పిల్లలే, మేజర్‌లో ఆడేవాళ్ళు, మా టీము చొక్కాలు తొడిగి దించారు. గెస్ట్ ప్లేయర్లట.

లైనప్ కాగితం ఫెన్స్‌కి నీలం టేప్‌తో అంటించారు. మావాడు దాని ముందు నిలబడి వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు, మళ్ళీ కిందినుంచి పైకి చదివాడు. పేరు లేదు. ఏమీ అడగలేదు, వెళ్ళి బంతుల బకెట్ మీద కూర్చున్నాడు, హెల్మెట్ తీయకుండా. రెండు ఆటలూ వాడితో ఫౌల్ బాల్స్ ఏరించారు.

మొదటి ఆట అయ్యాక కోచ్ దగ్గరికి వెళ్ళి మర్యాదగానే అడిగాను, ఒక్క ఇన్నింగ్స్ అయినా ఇవ్వచ్చు కదా అని. ఆయన పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, తొక్క నా బూట్ల దగ్గర ఉమ్మి, మావాడు మూడడుగుల దూరంలో ఉండగా అన్నాడు: “సర్, నిజం చెప్పాలంటే మీవాడిది సింగిల్ ఏ ఆట. పన్నెండో ఫీజు లేకపోతే గ్రౌండ్ అద్దె ఎవరు కడతారు?”

ఆగస్టులో ట్రిపుల్ ఏ గ్లవ్ అన్న నోరే ఇది. పది నెలల్లో, నెలనెలా లెసన్ డబ్బులు తీసుకుంటూ, రెండు క్లాసులు దించేశాడన్నమాట! నాకు నోట మాట రాలేదు. ఆఫీసులో వెండర్ ఇన్వాయిస్‌లో పది డాలర్లు తేడా వస్తే గంటసేపు కాల్ పెట్టే నేను, “ఓకే కోచ్” అని వచ్చేశాను. ఆ “ఓకే కోచ్” తల్చుకుంటేనే ఒళ్ళు మండుతోంది. మా వీధి క్రికెట్‌లో బ్యాట్ ఎవడిదైతే వాడికే ఓపెనింగ్ ఇచ్చేవాళ్ళం, అదీ ధర్మం. ఇక్కడ ఊరందరి గ్రౌండ్ అద్దె నేను కట్టి, నా కొడుక్కి ఒక్క బాల్ కూడా లేదు. ఆటలో అరటిపండు అంటారే, ఆ అరటిపండు ఖరీదు ఫీజు 2,900, యూనిఫాం, బ్యాగు 500. లెసన్లు, బ్యాట్, హోటళ్ళు, గేట్ టికెట్లు లెక్కేయలేదు, వేస్తే మా ఆవిడ ఇది చదువుతుంది.

ఫైనల్ గెలిచారు. గెలవరా మరి? అందరితో పాటు మావాడికీ గెలిచినవాళ్ళకిచ్చే రింగ్ ఇచ్చారు. కారెక్కగానే దాన్ని కప్ హోల్డర్‌లో వేశాడు, దారి పొడుగునా గలగలమంటూనే ఉంది. టోర్నమెంట్ వాళ్ళని అడిగాను కూడా, ఆ ముగ్గురి పేర్లూ ముందే రోస్టర్‌లో (టీము జాబితాలో) ఎక్కించారట, రూల్ ప్రకారం అంతా సవ్యమే అన్నారు.

ఇంకో ముచ్చట. ఇవాళ పొద్దున మెయిల్ వచ్చింది, వచ్చే సీజన్‌కి ట్వెల్వ్‌యూలో మావాడి చోటు ఖాయం చేశారట, 24 గంటల్లో డిపాజిట్ కట్టాలట. ఈసారి 600.

ట్రైఔట్లు దగ్గర పడుతున్నాయి కాబట్టి రెండు ముక్కలు. పిల్లాడు ఏ క్లాసు అని అడగకండి, టీము పోయిన సీజన్ ఏ క్లాసులో రిజిస్టర్ అయిందో టోర్నమెంట్ సైటులో మీరే చూసుకోండి, స్కోర్లతో సహా ఉంటాయి. రోస్టర్‌లో ఎంతమంది, బ్రాకెట్‌కి గెస్ట్‌లని తెస్తారా, అందరికీ బ్యాటింగ్ ఇస్తారా, ఈ మూడూ మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్ మాటలు నమ్మొద్దు. ఇదివరకు ఆడిన పిల్లల తల్లిదండ్రుల్ని, ముఖ్యంగా బెంచ్ మీద కూర్చున్నవాళ్ళని, కనుక్కోండి. ‘ప్లే అప్’ అన్నారంటే పర్సు మీద చెయ్యేసుకోండి. లిటిల్ లీగ్ రెగ్యులర్ సీజన్‌లో ప్రతి పిల్లాణ్ణీ ప్రతి ఆటలో కనీసం ఆరు ఔట్లు ఫీల్డింగ్‌లో పెట్టాలి, ఒక్కసారైనా బ్యాటింగ్ ఇవ్వాలి, అది రూల్. మేము ఫాల్ సీజన్‌కి అక్కడికే పోతున్నాం.

లెవెన్‌యూ సైజు నల్ల హెల్మెట్, బ్యాగు, 30 అంగుళాల బ్యాట్ ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే సగం ధరకి ఇచ్చేస్తా. బ్యాగు మీద పేరు కుట్టి ఉంది, విప్పించుకోవాలి.