ట్యూబులు వెలుగుతున్నాయని డబ్బు కట్టేయకండి

ట్యూబ్ యాంప్ (ట్రాన్సిస్టర్లకి బదులు గాజు ట్యూబులతో సౌండ్ పెంచే యాంప్లిఫయర్) కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా లైట్లు తగ్గించి డెమో ఇచ్చే షోరూముల్లో చూస్తున్నవాళ్లు, అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. నేను కొని మోసపోయిన యాంప్ మీద కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి షాపు పేరు, బ్రాండ్ పేరు రాయట్లేదు, విడిగా మెసేజ్ పెట్టి అడిగినా చెప్పను. కానీ ఆ యాంప్ ఎలా ఉంటుందో చెప్తే, చూసినవాళ్లు ఎలాగూ గుర్తుపట్టేస్తారు.

ముందువైపు బొటనవేలంత మందం అల్యూమినియం పలక. అందులో నీలం వెలుగుతో రెండు ముల్లు మీటర్లు. పైన నాలుగు పెద్ద ట్యూబులు, వాటి ముందు రెండు చిన్నవి, వెనకాల నల్లగా నిగనిగలాడే మూడు ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాలు. ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. లక్షా డెబ్బై వేలు. నిజం చెప్పాలంటే సౌండ్ కూడా బాగానే ఉంది, అందుకే అనుమానం రావడానికి టైమ్ పట్టింది.

బయటపెట్టింది మా అమ్మ. టీవీకీ మిక్సీకీ కప్పినట్టే దీనికీ క్రోషియా గుడ్డ కప్పేసింది, నేనేమో పాటలు పెట్టుకుని కూర్చున్నాను, గుడ్డ సంగతి చూసి కంగారుగా లాగేస్తే కింద పెద్ద ట్యూబులు చల్లగా ఉన్నాయి. గోరువెచ్చగా కూడా లేవు. ట్యూబ్ యాంప్ వాడినవాళ్లకి తెలుసు, పవర్ ట్యూబ్, అంటే స్పీకర్లని నడిపే పెద్ద ట్యూబు, పనిచేస్తుంటే దాని మీద వేలు పెట్టలేం, చర్మం కాలుతుంది.

కోఠి గుజరాతీ గల్లీలో పాత యాంపులు బాగుచేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్లి అడుగు పలక విప్పించాను. నాలుగు పెద్ద ట్యూబుల సాకెట్లకి ఒక్క వైరు కూడా లేదు. ఒక్కో సాకెట్ మధ్యలో నారింజ రంగు ఎల్‌ఈడీ, అంతే. మనం ఫిలమెంట్ అనుకుని మురిసిపోయే వెలుగు అదే. చిన్న ట్యూబులు రెండూ నిజంగానే కనెక్ట్ అయ్యి ఉన్నాయి, తక్కువ వోల్టేజి మీద. పాట మోగిస్తున్నది మాత్రం అరచేతిలో పట్టే క్లాస్ డి చిప్ బోర్డు, అంటే ట్యూబులతో పనే లేని చిన్న యాంపు. మూడు ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాల్లో రెండు ఖాళీ, మూడోదాంట్లో మామూలు ఎస్‌ఎంపీఎస్, అదే కంప్యూటర్లలో ఉండేలాంటి తేలికపాటి పవర్ సప్లై. మరి అంత బరువు ఎక్కడిదంటే, అడుగున బోల్టులతో బిగించిన ఇనుప పలకలు! మీటర్ల వైర్లు ఎక్కడికి పోతున్నాయా అని చూస్తే ఒక చిన్న బోర్డుకి, దాని మీద మైకు. పాట లేకుండా ఆన్ చేసి భాయ్ చప్పట్లు కొడితే ముల్లు గెంతింది. "సార్, ఇది మీటర్ కాదు, ఆటబొమ్మ" అన్నాడు.

పైన పటారం లోన లొటారం అనేది ఇదే. షాపుకి ఫోన్ చేస్తే సమాధానం ఏంటో తెలుసా? "హైబ్రిడ్ అని బ్రోచర్‌లోనే ఉంది కదా సార్, ఆ పెద్ద ట్యూబులు డిజైన్ ఎలిమెంట్." హైబ్రిడ్ యాంపులు తప్పు కాదు, ముందు దశలో ట్యూబు, తర్వాత ట్రాన్సిస్టర్లు పెట్టి మంచివి చేసేవాళ్లు ఉన్నారు. కానీ కనెక్షనే లేని ట్యూబుకి, ఖాళీ ట్రాన్స్‌ఫార్మర్ డబ్బాకి డబ్బు తీసుకుంటే దాన్ని డిజైన్ అనరు.

అందంగా ఉండకూడదని నా ఉద్దేశం కాదు. నాకూ ముందు నచ్చింది ఆ రూపమే. కానీ ఈ రంగంలో పేరున్న డిజైన్లలో కంటికి కనిపించే వస్తువుకి ఏదో ఒక పని ఉంటుంది. 1956లో జర్మనీ బ్రాన్ కంపెనీ ఎస్‌కే4 రికార్డ్ ప్లేయర్‌కి హాన్స్ గుగెలోట్, డీటర్ రామ్స్ పారదర్శకమైన ప్లాస్టిక్ మూత పెట్టారు, అందానికి మాత్రమే కాదు, రేకు మూతయితే సౌండ్‌కి అదురుతోందని. అమెరికా మెకింతోష్ యాంపుల మీద నీలం మీటర్లు ప్రపంచమంతా కాపీ కొడుతోంది, ఒరిజినల్‌లో ఆ ముల్లు స్పీకర్లకి వెళ్తున్న పవర్‌ని వాట్లలో చూపిస్తుంది, చప్పట్లకి ఊగదు. క్లాస్ ఎ అనే రకం యాంపుకి పక్కన వేడిని బయటికి వదిలే రెక్కల్లాంటి హీట్ సింకులు ఉంటాయి, ఎందుకంటే పాట లేకపోయినా అది వేడి కక్కుతూనే ఉంటుంది. అలాగని పెద్ద పేరు ఉంటే చాలనుకోకండి. 2010లో లెక్సికాన్ బీడీ-30 అనే 3,500 డాలర్ల బ్లూ-రే ప్లేయర్‌ని విప్పి చూస్తే లోపల దాదాపు 500 డాలర్ల ఒప్పో బీడీపీ-83 ప్లేయర్ ఉంది, విడి భాగాలు కూడా కాదు, దాని చాసిస్‌తో (రేకు చట్రంతో) సహా దించేశారు.

ఇక షోరూమ్‌లో ఏం చూడాలి. మొట్టమొదట వెనకవైపు స్టిక్కర్. నా దాని మీద పవర్ కన్సంప్షన్ 120 వాట్లు, బ్రోచర్‌లో మాత్రం ఛానెల్‌కి 150 వాట్లు. లోపలికి 120 తీసుకునేది బయటికి రెండు ఛానెళ్లకీ కలిపి 300 ఎడతెగకుండా ఎలా ఇస్తుంది? ట్యూబుల లెక్క ఇంకా సులువు. కేటీ88 అనే పవర్ ట్యూబు వేడెక్కడానికే 6.3 వోల్టుల దగ్గర 1.6 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే ఒక్కోదానికి సుమారు 10 వాట్లు, నాలుగింటికి 40, ఇంకా పాట మొదలవకముందే. స్టిక్కర్ మీద అంకె మరీ చిన్నగా ఉంటే అక్కడే ఆగిపోండి.

తర్వాత స్విచ్ వేసే క్షణం దగ్గరుండి చూడండి, ముందే ఆన్ చేసి ఉంచితే ఆపించి, చల్లారాక మళ్లీ వేయించండి. ఎల్‌ఈడీ టక్కున వెలుగుతుంది, నిజం ట్యూబు మెల్లగా ఎర్రబడుతుంది, సౌండ్ రావడానికి కూడా కొన్ని సెకన్లు పడుతుంది. వెలుగు ఎక్కడుందో చూడండి. అసలు ఫిలమెంట్ లోపలి లోహపు గొట్టం చివర్లలో మసకగా కనిపిస్తుంది, ఎల్‌ఈడీ అయితే గాజు అడుగంతా ఒకే రకంగా మెరుస్తుంది. నిజం ట్యూబుల కింద కూడా సోకుకి ఎల్‌ఈడీ పెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇదొక్కటే చూసి తేల్చేయకండి, అరగంట మోగించి పైన చెయ్యి పెట్టి సెగ చూడండి, ముట్టుకోకుండా. పాట ఆపించి మీటర్ల దగ్గర ఒకసారి చప్పట్లు కొట్టండి, సేల్స్ అబ్బాయి ముఖం చూస్తే అర్థమైపోతుంది.

బరువుని మాత్రం అస్సలు నమ్మకండి. "ఎత్తి చూడండి సార్" అని వాళ్లే అంటారు, ఆ ఇనుప పలకలు పెట్టింది ఆ ఒక్క మాట కోసమే. లోపలి ఫోటో అడగండి, నిజంగా సరుకున్నవాళ్లు సంతోషంగా చూపిస్తారు. ఇంట్లో మీరే స్క్రూలు విప్పే సాహసం వద్దు, అసలైన ట్యూబ్ యాంప్ అయితే లోపల 400 వోల్టుల పైన ఉండొచ్చు, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. స్పీకర్లు తగిలించకుండా ఆన్ చేసి టెస్ట్ చేయడం కూడా వద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు.

షాపువాళ్లు రిఫండ్ కుదరదు, కావాలంటే వేరే మోడల్ తీసుకోండి అంటున్నారు, ఆ వేరే మోడల్‌కీ అవే నీలం మీటర్లు. నేను ఒప్పుకోలేదు. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఇలాంటిదే మీ ఇంట్లో ఉంటే బిల్లు, బ్రోచర్, సేల్స్‌మన్‌తో జరిగిన వాట్సాప్ మాటలు ఏవీ డిలీట్ చేయకండి. "ఒరిజినల్ కేటీ88 సార్" అని నాకు మెసేజ్ పెట్టాడు, ఇప్పుడు నా చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే.