ముగ్గేసే ఫోకస్ లైటు: మూడేళ్ళు వాడాక

చీకట్లో కెమెరాకి ఫోకస్ దొరకడానికి దాని నెత్తిన పెట్టుకునే ఎర్ర లైటు ఒకటి సొంతంగా చేసుకున్నా. ముందు కెమెరా పైన లేచే ఆ పాపప్ ఫ్లాష్ మీద నా కసి చెప్పుకోవాలి, లేకపోతే ఇదంతా ఎందుకు చేశానో అర్థం కాదు. నాది ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్, 9 ఫోకస్ పాయింట్లు, అందులో మధ్యది ఒక్కటే క్రాస్ టైప్, అంటే అడ్డ గీతల్నీ నిలువు గీతల్నీ రెండిటినీ పట్టేది. వెలుతురు తక్కువైతే ఫోకస్ కోసం దానికి విడిగా లైటేమీ లేదు, పాపప్ ఫ్లాష్‌నే పటపటపటా కొడుతుంది. అది ఫోటో కాదని నాకు తెలుసు, ఎదురుగా ఉన్నవాళ్ళకి తెలీదుగా. బెంగళూరు మహదేవపురలో మా బావమరిది బిడ్డని తొట్లో వేసిన రోజు ఇదే జరిగింది, ఫ్లాష్ కొట్టగానే మా అత్తగారు ఫోటో అయిపోయిందనుకుని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు, బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు, చివరికి ఫోటోలో మిగిలింది ఖాళీ కుర్చీ, తొట్టెకి కట్టిన పూలు.

ఆ వారమే ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకి పోయాను. మొదట చేసింది దండగ పని, మామూలు 5 ఎంఎం ఎర్ర ఎల్ఈడీలు నాలుగు ఒక డబ్బాలో బిగించి పైన పెట్టా. వెలుగు పడింది, ఫోకస్ మాత్రం పడలా. ఎందుకంటే కెమెరాకి కావాల్సింది ఉత్త వెలుతురు కాదు, వెలుగూ నీడా కలిసే అంచు. తెల్ల పంచె మీద ఎంత ఎర్ర వెలుగు పోసినా అది ఎర్ర పంచె అవుతుందే తప్ప దాని మీద గీతలు మొలవవు. సోనీ వాళ్ళు 2002లోనే ఎఫ్717 కెమెరాలో లేజర్‌తో గీతల గడి వేయించి దాని మీద ఫోకస్ చేయించారు, హోలోగ్రామ్ ఏఎఫ్ (ఆటోఫోకస్) అని పేరు. నేను కూడా లేజర్ కొందామనుకున్నా గానీ ఇంట్లో చిన్న పిల్లలు, రోడ్డు మీద అమ్మే పాయింటర్ మీద రాసిన పవర్‌ని నమ్మి మనుషుల ముఖాల మీద ఎలా కొడతాం, వద్దనుకున్నా.

తర్వాత ముందుకీ వెనక్కీ జరిగే లెన్స్ ఉన్న జూమ్ టార్చి ఒకటి కొని, దాని తెల్ల ఎల్ఈడీకి ముందు ఎర్ర జిలాటిన్ పేపర్ అంటించా. సగం వెలుగు కూడా బయటికి రాలా, తెల్ల ఎల్ఈడీలో ఎరుపు పాలు తక్కువ కదా. సరే అని దాన్ని పీకేసి అల్యూమినియం స్టార్ ప్లేటు మీద వచ్చే 3 వాట్ల ఎర్ర ఎల్ఈడీ పెట్టా. రీచార్జబుల్ డబుల్ ఏ సెల్స్ మూడు, అంటే 3.6 వోల్టులు, ఎర్ర ఎల్ఈడీ తినేది సుమారు 2.2, మిగతాది ఆపడానికి 4.7 ఓమ్స్ రెసిస్టర్, కరెంటు 300 మిల్లీఆంప్స్ దాకా వస్తుంది. కొట్టాయన 1 వాట్‌ది తీసుకో సార్ అని తెలుగులోనే చెప్పాడు, నేను వినకుండా ఇంట్లో ఉన్న పావు వాట్‌ది వేశా, రెండు నిమిషాల్లో ఇల్లంతా కమురు వాసన.

1 వాట్‌ది వేసి, రాత్రి పిల్లలు పడుకున్నాక హాల్లో లైట్లార్పి, టార్చి లెన్స్ పూర్తిగా బయటికి లాగి గోడ మీద వేశా చూడండి, అలాగే నిలబడిపోయా. గోడ మీద జానెడు ఎర్ర చదరం, మధ్యలో నల్ల చుక్క, ఆ చుక్కలోంచి నాలుగువైపులకీ సన్నటి నల్ల గీతలు, అచ్చం ముగ్గు! నేనేం గీయలా. ఎల్ఈడీ చిప్ మీద కరెంటు పారడానికి ఉండే సన్న తీగల నీడ అది, లెన్స్ ఆ చిప్పునే గోడ మీద పెద్దగా చూపిస్తోంది. తెల్ల ఎల్ఈడీలో పైన పసుపు పూత ఉంటుంది కాబట్టి ఆ గీతలు మసకబారిపోతాయి, ఎర్రదానికి ఆ పూత ఉండదు. నేనేమో గీతల కోసం ట్రాన్స్‌పరెన్సీ షీటు మీద ప్రింట్ తీయించాలి, ఇంకో లెన్స్ వెతకాలి అని నోట్‌బుక్‌లో బొమ్మలేసుకుంటున్నా, ఫ్యాక్టరీ వాళ్ళు అంతకుముందే వేసిపెట్టారు. మా ఆవిడ లేచొచ్చి "పండగ లేదు పబ్బం లేదు, గోడ మీద ముగ్గేంటి" అంది. ఆ ఖాళీ గోడ మీద కెమెరా పెట్టి షట్టర్ బటన్ సగం నొక్కితే ఫోకస్ టక్కున లాక్ అయింది.

బిగించడానికి చచ్చిపోయిన ఫ్లాష్ ఒకదాని ప్లాస్టిక్ కాలు పనికొచ్చింది. ఇందులో ఇంకో లాభం, బయటి ఫ్లాష్ బిగించే పైనున్న గాడిలో (హాట్ షూ) ఏదైనా దూరిస్తే నా కెమెరా బయటి ఫ్లాష్ పెట్టారనుకుని పాపప్‌ని లేవనివ్వదు, పీడా పోయింది. లెన్స్‌కి పైన ఉంటుంది కాబట్టి ముగ్గు సరిగ్గా మధ్య పాయింట్ మీద పడేది కాదు, వెనకపక్క బీఎంటీసీ టికెట్ నాలుగు మడతలు పెట్టి దూర్చాక రెండు మూడు మీటర్ల దూరానికి కుదిరింది. మీటరు లోపలికి వస్తే మాత్రం నుదుటికి పోతుంది, ఇప్పటికీ అంతే.

షట్టర్ తెరుచుకునేటప్పుడు ఆరిపో అని కెమెరా దీనికి చెప్పలేదు, మనమే ఆర్పాలి. అందుకని పుష్ బటన్ ఎడమచేతి వేలు కిందికి తెచ్చి, ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసి కెమెరా వెనకుండే స్టార్ బటన్‌కి మార్చుకున్నా. లైటు నొక్కు, స్టార్ నొక్కు, లైటు వదులు, ఫోటో తియ్. ఇది చేతికి అలవాటవడానికి నెల పట్టింది, అంతదాకా తీసిన ఫోటోల్లో అందరి ముఖాల మీదా ముగ్గే.

బసవనగుడి కడలెకాయి పరిషెలో, అంటే చెనిక్కాయల జాతరలో, రెండేళ్ళు వాడా, చీకటిపడ్డాక బండ్ల వెనక కూర్చునే ముసలమ్మల ముఖాలు ఇంత నిదానంగా నేనెప్పుడూ తీయలా. అనంతపురం వాళ్ళం, చెనిక్కాయలు చూడ్డానికి ఇంత దూరం రావాలా అని మా ఆవిడ గొణుగుడు వేరే. కరగ ఉత్సవం రాత్రి మాత్రం బ్యాగులోంచి తీయలేదు, అక్కడ ఎదురెళ్ళి ఎర్ర లైటు కొట్టడం నాకే బాగోదనిపించింది.

టక్కున లాక్ అయింది అన్నాను కదా, అది నిజమే, కానీ లాక్ అయిన ప్రతిసారీ ఫోటో షార్ప్‌గా ఉందని అనలేదు. కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్‌తో ఏ ఇబ్బందీ లేదు. 50 ఎంఎం 1.8 లెన్స్‌ ఎపర్చర్‌ని (వెలుతురు వచ్చే కన్నాన్ని) 1.8కి పూర్తిగా తెరిచి తీస్తే కళ్ళ బదులు ముక్కు కొస షార్ప్‌గా వచ్చేది. ఏడాది పాటు నా చెయ్యి వణుకుతోందనుకున్నా. తర్వాత అదే మనిషిని ట్యూబ్‌లైటు కింద తీసి పోల్చుకుంటే తెలిసింది, ఉత్త ఎరుపు రంగులో ఫోకస్ అయ్యే చోటు, మామూలు వెలుతురులో అయ్యే చోటు ఒకటి కాదు. ఈ కెమెరాలో ఫోకస్‌ని సవరించుకునే మెనూ లేదు, అందుకని 2.8కి మూసి తీస్తున్నా, అంటే 1.8 కొన్నందుకు రాత్రిపూట నాకు దక్కే లాభంలో సగం పైన పోయినట్టే.

కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు ఉన్నవాళ్ళకి దీన్ని చేసుకోమని చెప్పను, అవి చీకట్లో వాటంతటవే చూసుకుంటాయి. ఇంటి లోను ఇంకా తీరలేదు కాబట్టి నాకు ఈ పాత కెమెరాతోనే ఇంకొన్నాళ్ళు. ఎరుపు బదులు నారింజ రంగు ఎల్ఈడీ పెడితే ఆ ముక్కు గొడవ తగ్గుతుందేమోనని ఒకటి కొని డ్రాయర్‌లో పెట్టా, దాని చిప్ మీద ముగ్గు ఎలా ఉంటుందో ఇంకా వెలిగించి చూడలేదు.