పార్స్‌లీ కాంబో కొనేముందు ఇది చదవండి, ఇంట్లో గర్భిణులుంటే తప్పకుండా

ఆన్‌లైన్‌లో పార్స్‌లీ (కొత్తిమీరలా ఉండే ఆకు) కాంబో అమ్మే ఒక హెర్బల్ పేజీ గురించి చెప్తున్నాను. పేరు రాయడం లేదు, ఆకుపచ్చ సీసాల కాంబో అంటే మీకే తెలుస్తుంది. వంటకి ఎండబెట్టిన పార్స్‌లీ, ముఖానికి పార్స్‌లీ-నిమ్మ టోనర్, ‘రెంటికీ వాడుకోవచ్చు’ అంటూ చిన్న సీసాలో నూనె. నేనూ తెప్పించాను. ఇప్పుడు నా దవడ నుంచి మెడ మీదికి గోధుమరంగు చార ఉంది. టోనర్ ఎటు కారిందో సరిగ్గా అటే.

కొనేముందే అడిగాను, ‘ఇది రాసుకుని ఎండలోకి వెళ్లొచ్చా?’ అని. ‘నిశ్చింతగా వెళ్లండి మేడమ్, అంతా నేచురల్’ అన్నారు. వాడిన మర్నాడు మంట, ఎరుపు, ఆపైన నీటిపొక్కులు. ఫొటోలు పంపితే ఏమన్నారో చూడండి: ‘ఎండలోకి వెళ్లొద్దని ప్రతి కస్టమర్‌కీ చెప్తాం. మీరే సరిగ్గా చదువుకోలేదు.’ చాట్‌లో పైకి వెళ్లి చూస్తే, నిశ్చింతగా వెళ్లమన్న మెసేజ్ డిలీట్ చేసేశారు. నేను చూస్తుండగానే దాని కిందివీ మాయమయ్యాయి. అవతల కూర్చుని ఒక్కొక్కటే చెరిపేస్తున్నారు! మంట కన్నా అదే ఎక్కువ బాధించింది. పొరపాటైందని ఒక్క మాట అనుంటే ఇంత కోపం వచ్చేది కాదు. ఆ వెంటనే బ్లాక్ చేశారు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ అప్పుడే అక్కకి పంపాను కాబట్టి ఇంకా ఉంది.

స్కిన్ డాక్టర్ చార చూడగానే గుర్తుపట్టారు. పార్స్‌లీ, సెలరీ, నిమ్మజాతి పండ్లలో ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. వాటి రసం చర్మం మీద ఉండగా ఎండలోని యువిఎ కిరణాలు తగిలితే చర్మం కాలినట్టవుతుంది. ఇది అలర్జీ కాదు, రసం, ఎండ సరిపడా తగిలితే ఎవరికైనా రావచ్చు. ‘మీ స్కిన్ సెన్సిటివ్’ అని అమ్మేవాళ్లు తప్పించుకోవడానికి లేదు. పొక్కులు తగ్గినా మచ్చ పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

నా ముఖం సంగతి సరే, ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం ఆ నూనె. వాళ్ల పేజీలో ఒకావిడ తాను గర్భవతినని చెప్పి, కాళ్ల వాపులకి ఇది తాగొచ్చా అని అడిగింది. ‘గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగండి’ అని జవాబిచ్చారు. చదివి నాకు చేతులు వణికాయి. పార్స్‌లీ నూనెలో, ముఖ్యంగా గింజల నూనెలో, ఎపియోల్ అనే పదార్థం ఉంటుంది. ఒకప్పుడు గర్భం పోగొట్టుకోవడానికి దాన్ని తాగి కాలేయం, కిడ్నీలు దెబ్బతిని చనిపోయినవాళ్లున్నారని వైద్య చరిత్రలో ఉంది. కూరలో చల్లే గుప్పెడు ఆకుకీ ఈ నూనెకీ పోలికే లేదు. సీసా మీద ఆకు నూనో గింజల నూనో రాయలేదు, ఎంత కలిపి పలచన చేశారో లేదు, బ్యాచ్ నంబర్ కూడా లేదు. ఆవిడకి తాగొద్దని కింద కామెంట్ పెట్టాను, కాసేపటికే తీసేశారు. ఆవిడ చూసిందో లేదో తెలియక ఇంకా టెన్షన్‌గానే ఉంది.

కాంబోలోని ఎండబెట్టిన ఆకు గురించి చెప్పడానికేం లేదు. పసుపు తిరిగిపోయింది, నలిపినా వాసన రాదు. వంటకి తాజా ఆకే కొనుక్కోండి, సన్నగా తరిగి దించేముందు వేస్తే వాసన నిలుస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఎక్కువ తినకండి, ఇందులో విటమిన్ కె బాగా ఎక్కువ, డాక్టర్‌ని అడగండి. ఇంట్లో టోనర్ చేసుకునేవాళ్లు పార్స్‌లీ రసం, నిమ్మరసం ముఖానికి రాసుకుని ఎండలోకి వెళ్లొద్దు. మోచేతి లోపల రాసి చూశాం, ఏమీ కాలేదు అనుకుంటారేమో, ఎండ తగలని చోట ఇది బయటపడదు. ఆకులు మరిగించిన నీళ్లలో ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టినా ఎక్కువ రోజులు ఉంచకండి.

ఆ నూనె ఇప్పటికే కొన్నవాళ్లు దయచేసి లోపలికి తీసుకోవద్దు. గర్భిణులెవరైనా తాగి ఉంటే, బాగానే ఉన్నాం కదా అని ఆగకుండా సీసా పట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. స్క్రీన్‌షాట్ కావాల్సినవాళ్లు మెసేజ్ చేయండి, పంపిస్తాను.