సౌతాంప్టన్‌లో తొమ్మిది గోల్స్, లెస్టర్‌లో దీపావళి

2019 అక్టోబర్‌లో నేను ఆన్‌సైట్ పని మీద ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే ఊళ్లో ఉన్నాను. మా బావమరిది అప్పటికి నెల కిందటే సౌతాంప్టన్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీలో చేరాడు. వాడికి లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ జట్టంటే పిచ్చి. 2015-16లో గుంటూరులో బీటెక్ ఫస్టియర్ చదువుతూ, హాస్టల్లో ఒక్క ఫోన్ చుట్టూ ఆరుగురు మూగి చూశారట ఆ సీజనంతా. సీజన్ మొదట్లో గెలిస్తే ఒకటికి ఐదువేలు అని పందెం రేటు పలికిన జట్టు, ఇంగ్లండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ గెలిచేసరికి వాడు జీవితానికి సరిపడా ముడిపడిపోయాడు. అలాంటివాడు ఒకరోజు ఫోన్ చేసి, "బావా, మా లెస్టర్ ఇరవై ఐదున నేనుండే ఊరికే వస్తోంది. నువ్వు రావాల్సిందే" అన్నాడు. ఆ వారాంతంలోనే దీపావళి. శుక్రవారం సౌతాంప్టన్‌లో మ్యాచ్, ఆదివారం లెస్టర్‌లో పండగ అని ప్లాన్ వేసుకున్నాం. లెస్టర్ దీపావళి గురించి ఆఫీసులో గుజరాతీ మిత్రుడు ఏడాదిగా ఊదరగొడుతున్నాడు.

ముందు టికెట్ల సంగతి. బయటి జట్టు అభిమానులకిచ్చే టికెట్లు ఆ జట్టు క్లబ్బే తన సభ్యులకి అమ్ముకుంటుంది. ప్రీమియర్ లీగ్‌లో వాటికి 30 పౌండ్లు దాటకూడదని నియమం కూడా ఉంది, కాబట్టి సభ్యత్వం లేనివాడికి దొరకడం కష్టం. మాకు దొరికినవి సౌతాంప్టన్ వాళ్ల మధ్యలో సీట్లు. ఉప్పల్‌లో క్రికెట్ చూసినట్టు ఎవరి జెండా వాళ్లు ఊపుకుంటూ పక్కపక్కన కూర్చుందాం అంటే ఇక్కడ కుదరదు. ఆ ఊరి జట్టు వాళ్ల వైపు కూర్చుని అవతలి జట్టు రంగులు వేసుకుంటే, గోల్ పడ్డప్పుడు ఎగిరితే, స్టీవర్డ్, అంటే స్టేడియం సిబ్బంది, వచ్చి బయటికి పంపేయవచ్చు. టికెట్ కొనేటప్పుడే రాసి ఉంటుంది. కొత్తగా వెళ్లేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. మావాడు చదివాడు. చదివి కూడా లెస్టర్ నీలం జెర్సీ తొడుక్కుని, దాని మీద జాకెట్ వేసి, జిప్పు గడ్డం దాకా లాక్కుని వచ్చాడు.

రీడింగ్ నుంచి సౌతాంప్టన్ సెంట్రల్‌కి నేరుగా రైలుంది, గంటలోపే దింపేస్తుంది. స్టేషన్ నుంచి సెయింట్ మేరీస్ స్టేడియం అరగంట నడక. మామూలు రోజైతే నడవమనే చెప్తాను. ఆ రోజు మాత్రం ఆకాశానికి చిల్లుపడ్డట్టు కురుస్తోంది. గొడుగు స్టేడియం లోపలికి తీసుకురానిస్తారో లేదో అని మావాడు తీసుకురాలేదు, గాలికి నాది వంతెన దాటకముందే తిరగబడింది. ఇచెన్ నది దగ్గర, గ్యాస్ ట్యాంకులూ గోడౌన్లూ ఉన్న పేటలో ఉంటుంది స్టేడియం. 2001లో కట్టారు. అంతకుముందు వీళ్లాడిన డెల్ అనే పాత మైదానం ఊరి ఇళ్ల మధ్య ఇరుకుగా ఉండేదట. 1885లో సెయింట్ మేరీస్ చర్చి కుర్రాళ్లు పెట్టిన జట్టు ఇది, అందుకే వీళ్లని సెయింట్స్ అంటారు. ఎర్ర సీట్లు, ముప్పై రెండు వేల మంది పట్టే చోటు, ఎక్కడ కూర్చున్నా మైదానం బాగా కనిపిస్తుంది. బాత్రూములు శుభ్రం. స్టీవర్డులు మర్యాదస్తులు. సంచులు చిన్నవే తేవాలి.

తిండి మాత్రం సున్నా. బాల్టీ పై అని ఒకటుంది, ఇక్కడి ఫుట్‌బాల్ మైదానాల్లో అందరూ తినేదే. చికెన్ కూరని పిండిలో పెట్టి బేక్ చేస్తారు. పైన కాలిపోయే వేడి, లోపల ఉప్పూ కారం రెండూ దారి తప్పిపోయిన కూర. చేతులు వెచ్చబెట్టుకోవడానికి పనికొచ్చింది. బీరు కొనుక్కోవచ్చు గానీ మైదానం కనిపించే చోట తాగకూడదు, చట్టం. అందుకని కింద నడవాలోనే జనం గటగటా తాగేసి పైకి వస్తుంటారు.

మా పక్క సీట్లో ఒక పెద్దాయన. డెబ్భై పైబడి ఉంటాయి. ఎర్రా తెలుపూ చారల మఫ్లర్, చేతిలో పిప్పరమెంట్ల పొట్లం. కూర్చోగానే చెరొకటి ఇచ్చాడు.

ఎనిమిదింటికి మొదలైంది. పదో నిమిషంలో లెస్టర్ ఆటగాడు బెన్ చిల్వెల్ మొదటి గోల్ కొట్టాడు. ఆ గోల్‌కి ముందే సౌతాంప్టన్ ఆటగాడు బర్ట్రాండ్, అయోసే పెరెజ్ కాలు మీదికి బూటు దించాడు. ఆ సీజన్‌లోనే ప్రీమియర్ లీగ్‌కి వీడియో రిఫరీ వచ్చింది, వాళ్లు చూసి రెడ్ కార్డు ఇప్పించారు. అంటే సౌతాంప్టన్‌కి ఒక్క దెబ్బకి గోలూ పడింది, మనిషీ పోయాడు. పదిహేడో నిమిషంలో టీలెమాన్స్, పందొమ్మిదిలో పెరెజ్. ఇరవై నిమిషాలు కాకముందే మూడు. నేను స్కోరు చూడటం మానేసి మా బావమరిదిని చూడటం మొదలుపెట్టాను. మొదటి గోల్‌కి తొడ గిల్లుకున్నాడు. రెండోదానికి చేతిలోని బాల్టీ పై మీదికి వంగిపోయి తింటున్నట్టు నటించాడు. మూడోదానికి దగ్గొచ్చింది, దగ్గుతూనే ఉన్నాడు. కుడిపక్క నార్తమ్ స్టాండ్ మూలన లెస్టర్ జనం వానలో చొక్కాలు విప్పి గెంతుతుంటే, వీడు మఠంలో మౌనవ్రతం పట్టినవాడిలా కూర్చున్నాడు. కళ్లలో నీళ్లు. "వాన" అన్నాడు నావైపు చూడకుండానే. మా స్టాండ్‌కి పైకప్పుంది.

ముప్పై తొమ్మిదిలో పెరెజ్ మళ్లీ, నలభై ఐదులో వార్డీ. సగం ఆటకే ఐదు సున్నా. విరామంలో లేచినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. మా ముందు వరసలో ఒక తండ్రి చిన్న కొడుకుని ఎత్తుకుని, టోపీ సర్ది, ఒక్క మాట మాట్లాడకుండా మెట్లు దిగిపోయాడు. రెండో సగానికి మా వరసలో మిగిలింది నలుగురం. పెద్దాయన కదల్లేదు. "వెళ్లరా?" అని అడిగాను. "ఇల్లెక్కడికీ పోదుగా" అన్నాడు, ఇంకో పిప్పరమెంటు ఇస్తూ.

యాభై ఏడులో పెరెజ్ హ్యాట్రిక్. మరు నిమిషంలోనే వార్డీ, ఏడు. ఆ తర్వాత పాతిక నిమిషాలకి పైగా ఏమీ జరగలేదు, వానా చలీ తప్ప. ఎనభై ఐదులో మాడిసన్ ఫ్రీకిక్. ఆట అయిపోతుందనగా అదనపు సమయం నాలుగో నిమిషంలో వార్డీ కింద పడ్డాడు, పెనాల్టీ, వాడే కొట్టాడు. తొమ్మిది. ఇద్దరు ఆటగాళ్లకి హ్యాట్రిక్‌లు. మిగిలిన సౌతాంప్టన్ జనంలో కొందరు ఆఖర్న చప్పట్లు కొట్టారు, అవి వెటకారమో మర్యాదో నాకిప్పటికీ తెలీదు.

లేస్తుండగా పెద్దాయన మా బావమరిది భుజం తట్టాడు. "జిప్పు జారింది, బాబూ." వాడు కిందికి చూసుకుంటే గుప్పెడంత నీలం బయటికొచ్చి ఉంది. మొహం పాలిపోయింది వాడికి. ఆయన నవ్వాడు. "మూడో గోల్‌కే తెలిసింది నాకు. అంత దగ్గు మనిషన్నవాడికి రాదు. పైకి లాక్కో, బయట చలి. జనవరిలో మీ ఊరొస్తాం కదా, అప్పుడు మాట్లాడదాం." మావాడి ఊరు గుంటూరు దగ్గర పెదకాకాని అని నేను చెప్పలేదు.

ఇక బస. వాడుండే హాల్‌లో బయటివాళ్లు రాత్రి ఉండాలంటే ముందే చెప్పాలట, వాడు మర్చిపోయాడు. స్టేషన్ దగ్గర ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశాను, 55 పౌండ్లు, ఇద్దరికి. రిసెప్షన్ పదింటికి మూసేస్తారు, ఆ తర్వాత తలుపు పక్కన పెట్టెలోంచి తాళం తీసుకోవాలి, కోడ్ మెయిల్‌లో పంపుతారు. మెయిల్ రాలేదు. ఫోన్ ఎత్తరు. వానలో తలుపు ముందు నలభై నిమిషాలు నిలబడ్డాం, చివరికి పైనున్న ఇంకో అతిథి సిగరెట్‌కి దిగొచ్చి తలుపు తీశాడు. గదిలో హీటర్ పదకొండు తర్వాత దానంతటదే ఆగిపోతుంది. తడిసిన బూట్లని హెయిర్ డ్రయర్‌తో ఆరబెడుతూ, మావాడు అప్పుడు, తలుపు వేసి ఉంది కాబట్టి, తొమ్మిది గోల్స్‌కీ వరసగా అరిచాడు. పక్కగదివాళ్లు గోడ కొట్టారు. ఆ ధరకి ఇంకో పది వేసి చైన్ హోటల్ ఏదైనా తీసుకోవడమే మంచిది. రాత్రి మ్యాచ్‌లున్నప్పుడు ఇరవై నాలుగ్గంటలూ రిసెప్షన్ ఉందో లేదో చూసుకోండి.

శనివారం పొద్దున్న సీసిటీ మ్యూజియం. టైటానిక్ బయల్దేరింది ఈ ఊరి రేవు నుంచే, 1912 ఏప్రిల్ 10న. ఓడలో పనిచేసినవాళ్లు ఎక్కువమంది ఇక్కడివాళ్లే. బొగ్గు వేసేవాళ్లూ, వంటవాళ్లూ, గదులు ఊడ్చేవాళ్లూ. ఈ ఊరు ఒక్కటే 500 మందికి పైగా పోగొట్టుకుంది. వాళ్ల ఇళ్లెక్కడెక్కడున్నాయో నేల మీద ఊరి పటంలో గుర్తులు పెట్టారు. కొన్ని వీధుల్లో ఆ చుక్కలు పక్కపక్కనే ఉన్నాయి, కాలు పెట్టడానికి సందేహించాను. టికెట్ డబ్బుకి పూర్తి న్యాయం చేసిన చోటు ఇదే. బార్గేట్ అనే పాత నగర ద్వారం, పాత కోటగోడలు పైపైన చూసి రైలెక్కాం. నడిచే ఓపికుంటే గోడల కోసం ఒక పూట పెట్టుకోవచ్చు.

వానలకి పట్టాల మీద నీళ్లొచ్చాయని బర్మింగ్‌హామ్ మీదుగా నాలుగ్గంటల ప్రయాణం ఆరయింది. ఆలస్యానికి డబ్బు తిరిగిస్తారు, ఫారం నింపడం బద్ధకించకండి, నాకు మూడు వారాల్లో వచ్చింది. దారంతా మావాడు ఫోన్లో లెక్కలు చదివి వినిపించాడు. 1995లో మాంచెస్టర్ యునైటెడ్ ఇప్స్‌విచ్‌ని 9-0తో కొట్టింది, ఆండీ కోల్ ఒక్కడే ఐదు. ప్రీమియర్ లీగ్‌లో అదే అతిపెద్ద గెలుపు, ఇప్పుడు దాంతో సమానం. పైగా అది సొంత మైదానంలో. అవతలివాళ్ల ఊరెళ్లి ఇంత తేడాతో గెలిచినవాళ్లు 1888లో లీగ్ మొదలైనప్పటి నుంచీ పై డివిజన్‌లో ఎవరూ లేరు. నేను కూడా వెతికి ఒకటి చదివాను. 1909లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 12-0తో గెలిచి, వెస్ట్ బ్రామ్ పేరు మీద 1892 నుంచీ ఉన్న రికార్డుని సమం చేసింది, పై డివిజన్‌లో దాన్ని ఇప్పటికీ ఎవరూ దాటలేదు. ఓడినవాళ్లు లెస్టర్ ఫాస్. అంటే మావాడి జట్టు పాత పేరు. విచారణ వేస్తే, ఆటగాళ్లు పాత సహచరుడి పెళ్లి వేడుకల్లో మునిగి తేలి వచ్చారని తేలింది. మావాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్డుకి దగ్గర్లో ఒక గుజరాతీ కుటుంబం నడిపే చిన్న బస. గది చిన్నది, కార్పెట్ పాతది. కానీ ఆలస్యంగా వస్తున్నామని ఫోన్ చేస్తే, "ఖిచిడీ ఉంచుతాను, తినకుండా పడుకోవద్దు" అంది ఆ ఇంటావిడ. ధర సౌతాంప్టన్ కంటే తక్కువ. ఆ రాత్రే గడియారాలు గంట వెనక్కి జరిపే రాత్రి, కాబట్టి పండగ పొద్దున ఒక గంట ఎక్కువ నిద్ర. నరక చతుర్దశి తలంటుకి నూనె ఉందా అని అడిగితే ఆవిడ ఆముదమా నువ్వులనూనా అని అడిగింది. ఇంతకంటే రేటింగ్ ఏమివ్వను?

సాయంత్రం బెల్‌గ్రేవ్ రోడ్డు, గోల్డెన్ మైల్ అంటారు. చీరల కొట్లు, బంగారం కొట్లు, ఫాఫ్డా జిలేబీ, రోడ్డు పొడుగునా తలపైన దీపాలు, కాలు తీసి కాలు పెట్టలేనంత జనం. టపాకాయలు ఆ ఏడు కోసింగ్టన్ స్ట్రీట్ మైదానంలో కాల్చారు, వీధిలో కాదు. మన లెక్కలో అది పండగ కాదనిపిస్తుంది, రెండు నిమిషాలయ్యాక అలవాటవుతుంది. 1972లో ఉగాండా నియంత ఈదీ అమీన్ దక్షిణాసియా సంతతివాళ్లని వెళ్లగొట్టినప్పుడు అక్కడి నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడ స్థిరపడ్డారు. దయచేసి మా ఊరికి రాకండి అని లెస్టర్ కౌన్సిల్ అప్పట్లో ఉగాండా పత్రికలో ప్రకటన వేయించింది. ఇప్పుడు అదే కౌన్సిల్ ఈ దీపాలు పెట్టిస్తోంది. మాకు తినడానికి మంచి దోసె దొరకలేదు, ఉన్నవి తియ్యగా ఉన్నాయి. పావ్ భాజీ, దాబేలీ తినండి.

అదే రోజు లెస్టర్ సిటీ క్లబ్బు యజమాని విచాయ్ శ్రీవద్ధనప్రభ వర్ధంతి. 2018 అక్టోబర్ 27న ఆట అయ్యాక స్టేడియం బయటే హెలికాప్టర్ కూలి ఆయనా ఇంకో నలుగురూ పోయారు. ఆ చోట స్మారక వనం కట్టారు. మధ్యాహ్నం మేం వెళ్లేసరికి పూలూ మఫ్లర్లూ పట్టుకుని జనం నెమ్మదిగా కదులుతున్నారు. తొమ్మిది గోల్స్ గురించి ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మావాడు అక్కడ మొదటిసారి జాకెట్ విప్పాడు, జెర్సీ కనపడేలా.

ఒకప్పటి ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ పేరు మీద ఉన్న సందర్శక కేంద్రం కూడా చూశాం. కారు పార్కింగ్ కింద 2012లో దొరికిన రాజు ఎముకల గొయ్యి మీద అద్దం వేశారు. గంట చాలు.

సౌతాంప్టన్ ఆటగాళ్లు, కోచ్‌లు ఆ రోజు జీతాన్ని క్లబ్బు ధర్మసంస్థకి ఇచ్చేశారని రీడింగ్ వచ్చాక చదివాను. ఆ తర్వాత 2021లో వాళ్లే మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మళ్లీ 9-0తో ఓడారు, 2022లో లివర్‌పూల్ బోర్న్‌మత్‌ని అంతే కొట్టింది. కానీ మధ్యలో ఒకటుంది. 2020 జనవరి 11న సౌతాంప్టన్ లెస్టర్ వెళ్లి 2-1తో గెలిచింది. ఆఖరి విజిల్ అయిన నిమిషానికి మా బావమరిది నుంచి మెసేజ్: "బావా, పిప్పరమెంటు తాతయ్య ఇవాళ నిద్రపోడు."